పారీఖత్తు లాంటి పట్టిక: హార్డ్ డిస్కు వాటాలూ, లినక్స్ కథా

మన సంఘం ప్రత్యేక సంచికకు కంప్యూటరు చరిత్రలో ఏదైనా ఒక ఘట్టం గురించి, అందరికీ అర్థమయ్యేటట్లు రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ఉద్యోగంలో చివరి పద్దెనిమిదేళ్ళు నేను ఇ.డి.పి. సెక్షన్‌లో పనిచేశాను. జీతాల బిల్లులు, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలు, పింఛను లెక్కలు కాగితం మీద నుంచి డిస్కు మీదకు ఎక్కిన రోజులవి. ఆ అనుభవంతోనూ, ఆ తరువాత చదివి తెలుసుకున్న దానితోనూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ విషయాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. మన సభ్యులలో చాలామంది ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లు ఏడెనిమిదేళ్ళ నాటివి. విండోస్ 11 అడిగే హంగులు వాటిలో చాలావాటికి లేవు. యంత్రం మాత్రం బాగానే పనిచేస్తోంది. అందువల్ల మనుమలు, మేనల్లుళ్ళు "తాతయ్యా, ఇందులో లినక్స్ వేసేద్దాం, ఖర్చేమీ లేదు" అంటున్నారు. మంచి సలహాయే. అయితే లినక్స్ ఎక్కించేటప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. డిస్కు మొత్తం చెరిపి లినక్స్ వేయమంటారా, ఇప్పుడున్న విండోస్ పక్కన చోటు చేసి వేయమంటారా, లేక వాటాలు మీరే నిర్ణయిస్తారా అని. ఆ ఒక్క ప్రశ్నకు ఆలోచించకుండా జవాబిస్తే ఇరవై ఏళ్ళ ఫొటోలు, కాగితాలు అరనిమిషంలో కనబడకుండా పోతాయి. ఆలోచించి జవాబిస్తే రెండు వ్యవస్థలూ ఒకే డిస్కు మీద తగవు లేకుండా కాపురం చేస్తాయి. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే భయం సగం తగ్గుతుందని నా నమ్మకం.

వాటా అంటే ఏమిటి?

మన ఊళ్ళలో అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు పారీఖత్తు రాసుకునేవారు. ఇప్పుడు దానిని భాగపరిష్కార దస్తావేజు అంటున్నారు. పదెకరాల పొలం ఉన్నచోటనే ఉంటుంది. మట్టి కదలదు, బావి కదలదు. తూర్పు నాలుగెకరాలు పెద్దవాడివి, పడమర మూడు నడిపివాడివి అని కాగితం మీద రాస్తారు. ఆ రాతను బట్టి ఎవరి హద్దులో వారు దున్నుకుంటారు.

హార్డ్ డిస్కు పార్టిషన్ కూడా సరిగా అంతే. డిస్కు లోపల గోడలు కట్టరు, పళ్ళేన్ని కోయరు. డిస్కు మీద సమాచారం సెక్టార్లు అనే చిన్న చిన్న గళ్ళలో ఉంటుంది. చాలాకాలం ఒక్కొక్క సెక్టారుకు 512 బైట్లు, అంటే ఇంగ్లీషులో 512 అక్షరాలు పట్టేంత చోటు. వాటిలో మొట్టమొదటి సెక్టారు దస్తావేజు లాంటిది. దానిలో మొదటి 446 బైట్లు యంత్రాన్ని లేపే చిన్న ప్రోగ్రాముకు, తరువాతి 64 బైట్లు వాటాల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు కేటాయించారు. ఆ 64 బైట్లలో 16 బైట్ల చొప్పున నాలుగు పద్దులు. ఒక్కొక్క పద్దులో ఆ వాటా ఎక్కడ మొదలు, ఎంత పొడవు, అది ఎవరిది అని గుర్తు. కొన్ని వందల కోట్ల అక్షరాల ఆస్తికి హక్కుపత్రం ఈ 64 బైట్లే. ఈ పట్టిక దాదాపు మూడు దశాబ్దాలు ప్రపంచాన్ని ఏలింది.

బీరువాలంత డిస్కుల కాలం

మొదట్లో వాటాల గొడవే లేదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అనే యంత్రంతో పాటు మొదటి డిస్కు యూనిట్‌ను విడుదల చేసింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు 50, ఒకదానిపై ఒకటి. అన్నీ కలిసి పట్టింది 50 లక్షల అక్షరాలు. ఈనాడు మనుమరాలు ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దాదాపు అంత చోటు తింటుంది.

డిస్కును భాగాలు చేసి వాడుకునే అలవాటు యూనిక్స్ అనే వ్యవస్థతో బాగా పెరిగింది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దానిని తయారుచేశారు. 1970ల ఆరంభంలో వారి దగ్గరున్న పి.డి.పి.-11 యంత్రపు డిస్కులు చాలా చిన్నవి. వ్యవస్థ పెరిగి మొదటి డిస్కులో పట్టకపోయేసరికి కొన్ని ప్రోగ్రాములను వాడుకరుల సొంత దస్త్రాలు ఉండే రెండవ డిస్కులోకి మార్చారని చెబుతారు. ఆ రెండవ డిస్కు పేరు 'యు.ఎస్.ఆర్.'. ఆ పేరు గల సంచి నేటికీ ప్రతి లినక్స్ కంప్యూటరులోనూ ఉన్నది. ఇల్లు చాలక పక్కింట్లో పెట్టిన సామాను అక్కడే స్థిరపడినట్లన్నమాట.

ఆ పాత యూనిక్స్‌లో వాటాల కొలతలు డిస్కు మీద రాసి ఉండేవి కావు. డిస్కును నడిపే ప్రోగ్రాములోనే ఇంత నుంచి ఇంత వరకు అని అంకెలు ఉండేవి. అంటే దస్తావేజు పొలంలో లేదు, కరణంగారి బుర్రలో ఉన్నది. ఆ డిస్కును మరో వ్యవస్థ చూస్తే హద్దులు తెలుసుకునే దారి లేదు.

1983: నాలుగు గళ్ళ పట్టిక

ఐ.బి.ఎం. వారు 1981లో తెచ్చిన పర్సనల్ కంప్యూటరుకు ఫ్లాపీలే తప్ప హార్డ్ డిస్కు లేదు. 1983 మార్చిలో పి.సి. ఎక్స్‌టి వచ్చింది. దానిలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు. దానితో పాటు మైక్రోసాఫ్ట్ వారి డాస్ 2.0, అందులో ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రాము. నేను పైన చెప్పిన నాలుగు పద్దుల పట్టిక ఇక్కడ పుట్టింది.

పది మెగాబైట్లకే నాలుగు వాటాలు ఎందుకు? ఆనాటికి డాస్ ఒక్కటే రాజ్యమేలుతుందని ఎవరికీ తెలియదు. ఐ.బి.ఎం. పి.సి. మీద సి.పి.ఎం.-86 అనే మరో వ్యవస్థ ఉండేది. 1984లో అదే ఎక్స్‌టికి ఐ.బి.ఎం. వారే పి.సి./ఐ.ఎక్స్. అనే యూనిక్స్‌ను అమ్మారు. జెనిక్స్ అనే మరో యూనిక్స్ రకం మైక్రోసాఫ్ట్ వారిదే. ఒకే డిస్కు మీద ఒకరికంటే ఎక్కువమంది కాపురం ఉండవచ్చునన్న ఊహతో పట్టికను డిస్కు మీదే, అందరికీ కనబడే మొదటి సెక్టారులో రాశారు. ప్రతి వాటా పక్కన అది ఎవరిదో ఒక గుర్తు సంఖ్య పెట్టారు. తన గుర్తు లేని వాటా జోలికి ఎవరూ పోకూడదు.

నా మట్టుకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. పట్టికలో ఇతరులకు చోటు వదిలిన ఆ ఏర్పాటు లేకపోతే, ఎనిమిదేళ్ళ తరువాత ఒక కాలేజీ కుర్రవాడు రాసిన వ్యవస్థ మన ఇళ్ళలోని కంప్యూటర్లలోకి వచ్చేది కాదు. కొత్తవాడు రావాలంటే పాతవాడు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చేది. అంత తెగింపు ఎంతమందికి ఉంటుంది?

చాలదన్న ప్రతిసారీ

మన దేశంలో ఇవే రోజుల్లో బ్యాంకుల కంప్యూటరీకరణపై రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, 1984లో. బ్యాంకు ఉద్యోగం చేసిన సభ్యులకు లెడ్జరు పోస్టింగు యంత్రాలు గుర్తుండే ఉంటాయి. నేను పనిచేసిన కార్యాలయానికి ఆ దశాబ్దం చివరలో 40 మెగాబైట్ల డిస్కు గల పి.సి. వచ్చింది. దానిలో సి డ్రైవు 32 మెగాబైట్లు, డి డ్రైవు 8 మెగాబైట్లు. "కొన్నది ఒక డిస్కు కదండీ, రెండు పేర్లెందుకు? ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలి?" అని మా అకౌంట్స్ ఆఫీసరుగారు అడిగేవారు. అది న్యాయమైన ప్రశ్నే.

జవాబు ఇది. ఆనాటి డాస్ ఒక వాటాలో 65,536 సెక్టార్లకు మించి లెక్కపెట్టలేదు. దానిని 512తో గుణిస్తే 32 మెగాబైట్లు. డిస్కు అంతకంటే పెద్దదైతే ముక్కలు చేయక తప్పదు. 1987లో డాస్ 3.3తో ఇంకొక సదుపాయం వచ్చింది. నాలుగు వాటాలలో ఒకదానిని 'ఎక్స్‌టెండెడ్' అని గుర్తు పెట్టి, దాని లోపల ఎన్నయినా ఉపవాటాలు చేసుకోవచ్చు. పెద్దవాడి వాటాను అతని పిల్లలు మళ్ళీ పంచుకున్నట్లు. అదే ఏడాది కాంపాక్ సంస్థ తన డాస్ 3.31తో 32 మెగాబైట్ల గట్టును దాటింది. ఆ తరువాత డాస్ వాటా 2 గిగాబైట్ల దాకా పెరగగలిగింది.

ఈ చరిత్రలో ఒకే సంగతి మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. ప్రతి తరం ఇంజనీర్లూ ఇంత చాలులే అనుకుని ఒక అంకె పెట్టారు. పదేళ్ళలోపే అది చాలలేదు. పాత పట్టికను చెరపకుండా, దానిలోనే ఏదో ఒక సందు వెదికి దాటారు. ఇంటికి గది మీద గది వేసినట్లు.

హెల్సింకి విద్యార్థి డిస్కు

1991 జనవరిలో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ఒక 386 కంప్యూటరు కొన్నాడు. వయసు 21. దానిలో 4 మెగాబైట్ల జ్ఞాపకశక్తి. ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ విద్యార్థుల పాఠాల కోసం 1987లో తెచ్చిన మినిక్స్ అనే చిన్న యూనిక్స్‌ను అందులో ఎక్కించుకున్నాడు. ఆ మినిక్స్ ఆసరాతోనే తన సొంత వ్యవస్థ రాయడం మొదలుపెట్టాడు. 1991 ఆగస్టు 25న మినిక్స్ వాడేవారికి ఆ సంగతి తెలియజేస్తూ, తన దగ్గర ఉన్నది ఏ.టి. రకం హార్డ్ డిస్కు ఒక్కటే గనుక బహుశా అది తప్ప మరేదీ ఇది గుర్తించదేమో అని కూడా చెప్పుకున్నాడు. సెప్టెంబరులో మొదటి ప్రతి, 0.01, బయటకు వచ్చింది. డిస్కు మీద దస్త్రాలు అమర్చే పద్ధతి కూడా మినిక్స్ నుంచే తీసుకున్నాడు. రెండూ ఒకే యంత్రం మీద బ్రతకాలి కదా.

ఆ ఏడాది చివరలో ఒక పొరపాటు జరిగింది. విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ఫోను కలపమని మోడెంకు పంపవలసిన అక్షరాలను లీనస్ తన హార్డ్ డిస్కుకు పంపాడు. యూనిక్స్ పద్ధతిలో మోడెమూ ఒక పేరే, డిస్కూ ఒక పేరే. పేరు తప్పు కొట్టగానే మినిక్స్ ఉన్న వాటాలో ముఖ్యమైన భాగం మీద ఆ అక్షరాలు పడ్డాయి. మినిక్స్ పోయింది. దానిని మళ్ళీ ఎక్కించే బదులు, తన లినక్స్ ఇక తన కాళ్ళ మీద తానే నిలబడాలని లీనస్ నిర్ణయించుకున్నాడు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. పక్కవాటాలో ఉన్న లినక్స్‌కు హాని జరగకపోవడం మనం గమనించాలి. వాటాలు వేరుగా ఉంటే ప్రమాదం ఒక హద్దు దగ్గర ఆగుతుంది.

రెండవ సంగతి స్వాప్ గురించి. జర్మనీలో ఒకాయన దగ్గర 2 మెగాబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే ఉన్నది. లినక్స్‌ను తన యంత్రం మీద తయారుచేసుకోవడానికి అది చాలలేదు. ఆయన కోసం లీనస్ 1991 క్రిస్మస్ సెలవుల్లో ఒక ఏర్పాటు రాశాడు. జ్ఞాపకశక్తి నిండినప్పుడు వెంటనే అక్కరలేని వాటిని డిస్కు మీద ఒకచోట పెట్టి, కావలసినప్పుడు తిరిగి తెచ్చుకోవడం. బల్ల మీద చోటు చాలక కొన్ని ఫైళ్ళను పక్క ర్యాకులో పెట్టినట్లు. 1992 జనవరిలో 0.12 ప్రతితో అది అందరికీ అందింది. లినక్స్‌లో స్వాప్ అనే విడి వాటా ఆనవాయితీ అక్కడి నుంచి వచ్చింది. పట్టికలో లినక్స్ వాటాకు 83, స్వాప్ వాటాకు 82 అన్నవి గుర్తు సంఖ్యలయ్యాయి.

మినిక్స్ పద్ధతిలో ఒక వాటా 64 మెగాబైట్లకు మించరాదు, దస్త్రం పేరు 14 అక్షరాలకు మించరాదు. ఇది కూడా త్వరలోనే ఇరుకైంది. ఫ్రాన్సులోని రెమీ కార్డ్ 1992లో 'ఎక్స్‌ట్' అనే పద్ధతిని, 1993లో దానిని బాగుచేసి 'ఎక్స్‌ట్2'ను తెచ్చాడు. ఈనాడు చాలా లినక్స్ యంత్రాలలో ఉన్న 'ఎక్స్‌ట్4' దాని మనుమడే.

ఫ్లాపీల నుంచి సి.డి.ల దాకా

1993లో స్లాక్‌వేర్, డెబియన్ అనే లినక్స్ పంపిణీలు మొదలయ్యాయి. స్లాక్‌వేర్‌ను ఫ్లాపీల కట్టగా తెచ్చుకుని ఒక్కొక్కటే పెడుతూ ఎక్కించేవారు. మన దేశంలో లినక్స్ ఎక్కువమంది చేతికి అందింది 1990ల ద్వితీయార్ధంలో, పి.సి.క్వెస్ట్ వంటి కంప్యూటరు పత్రికలు సంచికతో పాటు ఇచ్చిన సి.డి.ల వల్ల. ఆనాడు మన ఊళ్ళలో ఇంటర్నెట్ టెలిఫోను తీగ మీద తాబేలు నడక నడిచేది. సి.డి. ఒకటి కొంటే పదిమంది చేతులు మారేది.

సి.డి. వచ్చినంత మాత్రాన సరిపోదు. నల్లటి తెర మీద ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాము ఒక్క అక్షరం అడుగుతూ నిలబడేది. పట్టిక చూడడానికి ఒక అక్షరం, కొత్త వాటాకు ఒకటి, చెరపడానికి ఒకటి, చివరగా డిస్కు మీద రాయడానికి 'డబ్ల్యు'. ఆ డబ్ల్యు కొట్టేదాకా ఏమీ జరగదు. కొట్టాక వెనక్కు తీసుకోవడం లేదు. రిజిస్ట్రారు ఎదుట సంతకం లాంటిది. ఆ అక్షరం దగ్గర చేయి వణకని వారిని నేను చూడలేదు.

అప్పటికే డిస్కంతా విండోస్ ఆక్రమించి ఉంటే ఏం చేయాలి? మొదట్లో అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టడమే. తరువాత ఫిప్స్ అనే ఉచిత ప్రోగ్రాము వచ్చింది. విండోస్ దస్త్రాలను ముందు మనమే డీఫ్రాగ్ చేసి డిస్కు ముందు భాగానికి నెట్టితే, వెనుక ఖాళీ అయిన చోటును అది కొత్త వాటాగా విడదీసేది. పార్టిషన్ మ్యాజిక్ అనే అమ్మకపు ప్రోగ్రాము అదే పనిని బొమ్మలతో చూపించేది. రెడ్ హ్యాట్ వారి డిస్క్ డ్రూయిడ్ కూడా ఎఫ్‌డిస్క్ భయాన్ని తగ్గించింది.

ఇంకొక చిక్కు యంత్రాన్ని లేపడం. ఆనాటి బయాస్, అంటే యంత్రంలో పుట్టుకతో ఉండే ప్రోగ్రాము, 1,024 సిలిండర్ల వరకే డిస్కును చూడగలిగేది. పాత కొలతలతో అది 528 మెగాబైట్లు. లెక్కలు మార్చి చూపే కొత్త బయాస్‌లలో 8.4 గిగాబైట్లు. లినక్స్‌ను లేపే ముఖ్య దస్త్రం ఆ హద్దు దాటి పడితే లినక్స్ లేవదు. అందుకే డిస్కు మొదట్లోనే 'బూట్' అనే చిన్న వాటా వేయమని అప్పటి పుస్తకాలు చెప్పేవి. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన లైలో అనే ప్రోగ్రాము విండోసా, లినక్సా అని అడిగి ఏది కావాలంటే దానిని లేపేది. అది ఒక్కొక్క మెట్టు దాటుతూ తన పేరులోని ఒక్కొక్క అక్షరం తెర మీద వేస్తుంది. రెండక్షరాలు వేసి ఆగిపోతే డిస్కు కొలతలు కుదరలేదని అనుభవజ్ఞులు గుర్తుపట్టేవారు.

విండోస్ 95, 98లను మళ్ళీ ఎక్కిస్తే మొదటి సెక్టారులోని లైలోను తుడిచి తమ ప్రోగ్రాము రాసేవి. లినక్స్ వాటా క్షేమంగానే ఉంటుంది, దానికి దారి మాత్రం మూసుకుపోతుంది. లినక్స్ పోయింది అనుకుని అసలు వాటానే చెరుపుకున్నవారు కూడా ఉన్నారు.

ఒక మిత్రుని ఫొటోలు

కొన్నేళ్ళ క్రితం నాతో పాటు పదవీ విరమణ చేసిన ఒక మిత్రుడు తన పాత కంప్యూటరును బాగుచేయించడానికి బజారులో ఒక దుకాణంలో ఇచ్చాడు. అక్కడి కుర్రవాడు సదుద్దేశంతోనే, యంత్రం వేగంగా నడుస్తుందని లినక్స్ ఎక్కించి ఇచ్చాడు. వాటాల ప్రశ్నకు 'డిస్కు మొత్తం' అని జవాబిచ్చాడు. డి డ్రైవులో మిత్రుని భార్య ఫొటోలు ఉన్నాయి. ఆమె అంతకు రెండేళ్ళ ముందే కాలం చేశారు. ఆల్బములు వరదనీటిలో పాడైపోగా స్కాన్ చేయించి దాచుకున్నవవి. మరో ప్రతి లేదు.

"మీరు కంప్యూటరు సెక్షన్‌లో చేసినవారు కదండీ, ఏమైనా దారి ఉందా?" అని ఫోను చేశాడు. యంత్రాన్ని వెంటనే ఆపేయమన్నాను. ఎందుకంటే చాలా సందర్భాలలో వాటాల పట్టిక చెరిగినంత మాత్రాన లోపలి దస్త్రాలు చెరగవు. సర్వే రాయి పీకేస్తే పొలం మాయం కాదు. కొత్తవాడు దున్ని విత్తితేనే పాత పైరు పోతుంది. లినక్స్ కొంత భాగాన్ని అప్పటికే దున్నింది, మిగతాది అలాగే ఉన్నది. డిస్కును విప్పి, మరో యంత్రానికి తగిలించి, దానిపై ఏమీ రాయకుండా టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాములతో వెదికించాము. రెండు రోజులు పట్టింది. సుమారు సగం ఫొటోలు దొరికాయి. పేర్లు పోయి అంకెలు మాత్రమే మిగిలాయి. పెళ్ళినాటి ఫొటోలు దొరికాయి, తిరుపతి ప్రయాణానివి దొరకలేదు.

అది తిరిగే పళ్ళేల పాత డిస్కు గనుక ఆ సగమైనా దక్కింది. ఇప్పటి ఎస్.ఎస్.డి.లలో వాటా చెరిపినప్పుడు ఆ చోటు ఇక అక్కరలేదని డిస్కుకు కబురు వెళ్ళడం, డిస్కు తనంతట తాను దానిని శుభ్రం చేసుకోవడం పరిపాటి. అటువంటప్పుడు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది ఏమీ ఉండదు.

కొత్త పట్టిక

1983 నాటి పట్టిక చివరకు ఒక గోడకు తగిలింది. వాటా మొదలు, పొడవు రాయడానికి అందులో 32 బిట్లే ఉన్నాయి. 512 బైట్ల సెక్టార్లతో లెక్కిస్తే సుమారు 2.2 టెరాబైట్లు. 2010లో 3 టెరాబైట్ల డిస్కులు బజారులోకి రావడంతో ఈ గోడ సామాన్యులకూ కనబడింది.

దీనికి మందు అప్పటికే సిద్ధంగా ఉంది. ఇంటెల్ సంస్థ 1990ల చివరలో పాత బయాస్‌కు బదులుగా ఇ.ఎఫ్.ఐ. అనే కొత్త పద్ధతిని రూపొందించింది. 2005 నుంచి అనేక సంస్థలు కలిసి దానిని యు.ఇ.ఎఫ్.ఐ. పేరుతో కొనసాగిస్తున్నాయి. దానితో వచ్చిన వాటాల పట్టిక పేరు జి.పి.టి. సాధారణంగా దీనిలో 128 పద్దులు. పట్టిక డిస్కు మొదట ఒకటి, చివర ఒకటి, రెండు ప్రతులు. పట్టిక చెడిపోయిందో లేదో చూసుకోవడానికి సరిచూపు అంకె కూడా ఉంటుంది. రికార్డు రూములో ఒకటి, కలెక్టరేటులో ఒకటి ఉన్న దస్తావేజు లాంటిది.

ఇంత కొత్త పట్టికలో కూడా మొదటి సెక్టారులో పాత నాలుగు గళ్ళ పట్టిక ఉత్తుత్తిగా ఉంటుంది. 'ఈ డిస్కంతా ఒకరికి చెందినది' అని మాత్రమే అందులో రాస్తారు. జి.పి.టి. తెలియని పాత ప్రోగ్రాము ఏదైనా వచ్చి, డిస్కు ఖాళీగా ఉందనుకుని దున్నేయకుండా ఆ కాపలా. యంత్రాన్ని లేపే దస్త్రాలు 'ఇ.ఎఫ్.ఐ. సిస్టం' అనే చిన్న వాటాలో ఉంటాయి. విండోస్‌కు ఒక సంచి, లినక్స్‌కు ఒక సంచి. ఒకరి ప్రోగ్రాము మీద మరొకరు రాసుకునే పాత తగవు దీనితో చాలావరకు తగ్గింది.

మన ఇళ్ళలో చేయవలసినది

చరిత్ర చెప్పి ఊరుకుంటే మన సభ్యులు ఒప్పుకోరు. కనుక పనికివచ్చే మాటలు కొన్ని.

మొదటిది, వాటాల జోలికి పోకముందే ఫొటోలు, పింఛను కాగితాలు, ఆస్తి పత్రాల స్కాన్‌లు మరో డిస్కులోకి ఎక్కించండి. ఎక్కించాక ఆ డిస్కును వేరే కంప్యూటరుకు తగిలించి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తరువాత దానిని విప్పి బీరువాలో పెట్టండి. కంప్యూటరుకు తగిలించి ఉంచితే చెరిపేటప్పుడు అది కూడా జాబితాలో కనబడుతుంది, పొరపాటుకు తావు.

రెండవది, ఇప్పుడు చాలా లినక్స్ పంపిణీలను పెన్‌డ్రైవు నుంచి నడిపి చూడవచ్చు. డిస్కు మీద ఏమీ రాయనవసరం లేదు. ప్రింటరు, శబ్దం, వైఫై, తెలుగు అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడే ఎక్కించండి. తెలుగు మెనూలతో లినక్స్ నడవడానికి స్వేచ్ఛ వంటి మన తెలుగువారి బృందాలు ఏళ్ళ తరబడి పనిచేశాయి.

మూడవది, విండోస్ కూడా ఉంచుకోదలిస్తే దాని వాటాను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారానే తగ్గించండి. ఇంటి యజమానే గది ఖాళీ చేసి ఇచ్చినట్లుంటుంది. బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటే దాని రికవరీ కీని ముందే కాగితం మీద రాసి దాచుకోండి. అది లేకపోతే విండోస్ మీ దస్త్రాలను మీకే ఇవ్వదు.

నాలుగవది, లినక్స్ ఎక్కించే తెర మీద డిస్కుల పేర్లకంటే పరిమాణం చూసి గుర్తుపట్టండి. 500 గిగాబైట్లది ఏది, 32 గిగాబైట్ల పెన్‌డ్రైవు ఏది అని. చివరి బటన్ నొక్కేముందు ఏయే మార్పులు చేయబోతున్నదో జాబితా చూపుతుంది. దానిని పైకి చదివి పక్కనున్న వారికి వినిపించండి. మనం ఆఫీసులో చెక్కు మీద ఇద్దరి సంతకాలు పెట్టింది ఇందుకే.

అయిదవది, వాటాలు ఎన్ని వేయాలి? సామాన్య గృహస్థుకు ఇ.ఎఫ్.ఐ. వాటా కాక రెండు చాలు. వ్యవస్థకు 'రూట్' ఒకటి, మన సొంత దస్త్రాలకు 'హోమ్' ఒకటి. రేపు లినక్స్‌ను మార్చి కొత్తది ఎక్కించవలసి వస్తే రూట్‌ను మాత్రమే చెరిపి హోమ్‌ను అలాగే ఉంచుకోవచ్చు. వంటిల్లు బాగుచేయిస్తూ పూజగది కదిలించనట్లు. స్వాప్‌కు ఒకప్పుడు విడి వాటా తప్పనిసరి. ఉబుంటు 2017 నుంచి కొత్తగా ఎక్కించేటప్పుడు మామూలుగా దానిని వాటాగా కాక ఒక దస్త్రంగానే ఉంచుతున్నది. కనుక దాని గురించి బెంగ అక్కరలేదు. అయితే హోమ్ వేరుగా ఉన్నది గదా అని బీరువాలోని ప్రతిని వదులుకోవద్దు. వాటాలు ఎన్ని ఉన్నా డిస్కు ఒక్కటే. అది చెడితే అన్ని వాటాలూ ఒక్కసారే పోతాయి.

పది మెగాబైట్ల డిస్కుకు వేసిన నాలుగు గళ్ళ పట్టిక, అంతకు లక్ష రెట్లు పెద్దదైన ఒక టెరాబైటు డిస్కును కూడా మోసింది. దానిని గీసినవారు ముందుచూపుతో పెద్ద అంకెలు పెట్టినందువల్ల కాదు. రాబోయే వాడెవరో తెలియకపోయినా, అతనికొక గడి ఖాళీగా వదిలినందువల్ల. ఆ ఖాళీ గడిలోనే లినక్స్ వచ్చి కూర్చున్నది. మన ఇళ్ళలో మూలపడిన కంప్యూటర్లు మరో నాలుగైదేళ్ళు పనిచేయడానికి ఇప్పుడు అదే అక్కరకు వస్తోంది. సభ్యులు ఎవరైనా ఈ పనికి పూనుకుంటే, ఆ వాటాల తెర దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగి చూసుకోవలసిందిగా మనవి.